వినేవాళ్ళకూ ఒక పాదం

(హనుమకొండలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవంలో రిటైర్డ్ తెలుగు లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న అక్కలకు, అన్నలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు. పిల్లలూ, ముందు రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అవి ముఖ్య అతిథుల కోసం వేసినవని నాకూ తెలుసు. వాళ్ళు రారు, నేను చెప్తున్నాగా. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "కవిత్వం, ఊరి ఐక్యత" అని కరపత్రంలో అచ్చయింది. దీని మీద మాట్లాడటం చాలా సులువు. కవిత్వం మనసులను కలుపుతుంది, కులాలకు మతాలకు అతీతం, అని ఓ పావుగంట చెప్పి, పోతన పద్యం ఒకటి రాగం తీసి, శాలువా కప్పించుకుని దిగిపోవచ్చు. అయితే ఆ మాట నిజమేనా? మనలో చాలామందికి ఉగాది కవి సమ్మేళనాలు అలవాటే. పొద్దున పదింటికి మొదలవుతుంది. నలభై మంది కవుల పేర్లుంటాయి. ఒక్కొక్కరు తమ వంతు కోసం ఎదురుచూస్తూ కాగితం మడతపెట్టి విప్పుతూ ఉంటారు. పక్కవాడు చదివేది ఎవరి చెవికీ ఎక్కదు. చదవడం అయ్యాక శాలువా, మెమెంటో, ఫొటో, ఆ వెంటనే బండి తీసుకుని ఇంటికి. మధ్యాహ్నం రెండింటికి చివరి కవి మైకు దగ్గరికి వచ్చేసరికి హాల్లో మిగిలేది మైకుసెట్టు అబ్బాయి. ఆయన కూడా సెట్టు విప్పుకుని పోవాలి కాబట్టి ఉంటాడు. అక్కడా కవిత్వమే ఉంది. మంచి కవిత్వం కూడా ఉండొచ్చు. కలిసింది ఎవరు?

అదే హనుమకొండలో, పెతరమాస నాడు, అంటే మహాలయ అమావాస్య నాడు సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గరికి వెళ్ళి చూడండి. ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగలో మొదటి రోజు. కాలు పెట్టే సందు ఉండదు. హంటర్ రోడ్డు వాళ్ళు, కుమార్‌పల్లి వాళ్ళు, కాజీపేట నుంచి ఆటోలో వచ్చినవాళ్ళు, నిన్నటిదాకా ఒకరినొకరు ఎరగనివాళ్ళు ఒకే వలయంలో తిరుగుతుంటారు. అక్కడ ఉన్నదీ కవిత్వమే. ఒకచోట మనుషులను పోగు చేసింది, ఒకచోట పంపించేసింది. ఈ తేడా ఎక్కడొచ్చింది అన్నదే ఇవాళ నేను మీతో మాట్లాడాలనుకున్నది.

నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కాదన్నా సరే. వినేవాడికి పని ఉన్నచోట కవిత్వం ఊరిని కలుపుతుంది. ఊరికే కూర్చుని చప్పట్లు కొట్టడం పని కాదు. ఆ పాటలో, ఆ పద్యంలో వినేవాడికి కూడా ఒక పాదం రాసి పెట్టి ఉండాలి.

బతుకమ్మ పాటనే చూడండి. మనం ఆడుతూ పాడుతూ పెరిగాం కాబట్టి దాని పనితనం మనకు కనిపించదు. పాట చెప్పే ఆమె ఒకతె ఉంటుంది. సగం పాదం చెప్తుంది, చివర "ఉయ్యాలో" అంటుంది. మిగతావాళ్ళు అదే పాదం తిరిగి పాడతారు. వాళ్ళు పాడుతున్నంతసేపూ ఆమెకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రాబోయే పాదం గుర్తు చేసుకునే వ్యవధి, గుర్తు రాకపోతే అప్పటికప్పుడు కట్టుకునే వ్యవధి కూడా అదే. ధర్మాంగుడి కథ అయినా, రామాయణం అయినా, గంటసేపు కాగితం లేకుండా నడిచేది అందుకే. పాట తెలియనివాళ్ళ సంగతి? మొన్ననే పెళ్ళయి కోదాడ నుంచో కర్నూలు నుంచో వచ్చిన కోడలికి ఆ కథ తెలియదు. అయినా "ఉయ్యాలో" అనడానికి ఏం తెలియాలి? మొదటి రోజు ఉయ్యాలో అంటుంది, మూడో రోజుకు పాదం అందుకుంటుంది, చివరి రోజు సద్దుల నాటికి మధ్యలో తన పుట్టింటి పేరు పెట్టి ఒక పాదం కలుపుతుంది. తొమ్మిది రోజుల్లో ఆ పిల్ల ఆ వాడ మనిషి అయిపోతుంది. ఎవరూ ఆమెకు స్వాగతోపన్యాసం ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఆ ఉయ్యాలో అనే చట్రంలో ఏదైనా ఇమిడిపోతుంది. దేవతల కథలు, కరువు, రజాకార్ల కాలం, చనిపోయిన ఆడబిడ్డ. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నీళ్ళ గురించీ ఉద్యోగాల గురించీ అదే బాణీలో ఎన్ని పాటలు పుట్టాయో మీ అందరికీ గుర్తే. ఉపన్యాసం వినడానికి రాని ఆడవాళ్ళు కూడా బతుకమ్మ ఆడటానికి రోడ్ల మీదికి వచ్చారు. ఎందుకంటే అక్కడ వాళ్ళు శ్రోతలు కారు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. సంతోషం. కానీ ఒక మాట చెప్పాలి, ఇక్కడున్న కుర్రాళ్ళకు కోపమొచ్చినా సరే. ఇప్పుడు చాలా కాలనీల్లో బతుకమ్మ చుట్టూ నాలుగు డీజే బాక్సులు పెడుతున్నారు. పెన్‌డ్రైవ్‌లో పాటలు. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతారు, చప్పట్లు కొడతారు, వీడియో తీసుకుంటారు. పాట చెప్పే అవ్వ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తుంది. మా కాలనీలో అలాంటి ఒకావిడను అడిగాను, "ఏమ్మా, పాట చెప్తలేరా?" అని. "ఆ డబ్బా ముందు నా గొంతు ఎవలకు ఇనవడతది సారూ" అంది. ఆ అవ్వకు వచ్చిన పాటలు ఎన్నో నాకు తెలియదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి మాత్రం పాతికకు మించవు, అన్ని కాలనీల్లో అవే పాతిక. ఆ పాటలు కొన్ని బాగున్నాయి, నేను కాదనను. కానీ పెన్‌డ్రైవ్ కొత్త కోడలి పుట్టింటి పేరు చెప్పదు కదా. పండుగ పెద్దదైంది, పాటలో మనుషుల వాటా తగ్గింది. నేను దీన్ని నష్టమనే అంటాను.

సరే, ఇదేమీ జానపదులకు మాత్రమే తెలిసిన విద్య కాదు. మహాకవులకూ తెలుసు. ఇక్కణ్ణుంచి పాలకుర్తి ఎంత దూరం? పొద్దున బయల్దేరితే సోమేశ్వరుడి గుట్ట చూసుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. ఆ ఊరి సోమనాథుడు ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట బసవపురాణం రాస్తూ ద్విపద ఎంచుకున్నాడు. అప్పటికి పండితుల దృష్టిలో గౌరవం ఉన్నది సంస్కృత వృత్తాలకు, పద్యం గద్యం కలిసిన చంపూకావ్యాలకు. ద్విపద అంటే రెండేసి పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. తాళం వేస్తే నడిచిపోతుంది. ఒకరు పాడితే పదిమంది అందుకోవచ్చు, ఎక్కడ ఆపినా మళ్ళీ ఎత్తుకోవచ్చు, వినేవాడికి రెండు పాదాలు గుర్తుంటే చాలు. జానుతెనుగు అందరికీ సామాన్యం కాబట్టి ద్విపదల్లో కూరుస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. శివభక్తుల్లో చాకలి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, మాదిగ ఉన్నాడు. వాళ్ళ కథలు వాళ్ళ నోట పలకాలి కదా. ఛందస్సు ఎంపికలోనే ఎవరిని పిలుస్తున్నాడో తెలిసిపోతుంది. సాహిత్య చరిత్రల్లో దీన్ని దేశి కవిత అని ఒక పేరాలో చెప్పి దాటేస్తారు, నేనూ ముప్పై ఏళ్ళు క్లాసులో అలాగే చెప్పాను, సిలబస్ అంతే.

అదే పాలకుర్తి మండలంలో బమ్మెర, పోతన ఊరు. ఆయన రాసినవి ద్విపదలు కావు, మంచి బిగువైన వృత్తాలు, సీసాలు, కందాలు. అయినా గజేంద్రమోక్షం పద్యాలు అక్షరం రాని ముసలమ్మల నోట విన్నవాళ్ళు ఈ హాల్లో చేతులెత్తండి. చూశారా, సగం చేతులు లేచాయి. ఆ పద్యాల్లో అంత్యప్రాస, ఆ మోత, తర్వాతి మాటను ముందే చెవికి చెప్పేస్తాయి. కాబట్టి ద్విపద ఒక్కటే దారి అని నేను అనట్లేదు.

పద్యం ఊరి పనిలో కలిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళు. గుడి దగ్గరో రచ్చకట్ట దగ్గరో ఒకరు పద్యం చదువుతారు, ఇంకొకరు అర్థం చెప్తారు, ఊరంతా రాత్రిపూట కూర్చుని వింటుంది. వాన పడిందా లేదా అన్నది అటుంచండి. కరువు రోజుల్లో మనుషులు ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని కుమిలిపోకుండా ఒకచోట కూర్చున్నారు, ఎవరి బావిలో ఎన్ని నీళ్ళున్నాయో అక్కడే మాట్లాడుకున్నారు. పిల్లలకు కప్పతల్లి ఆట ఉండేది. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పాట పాడుతూ ఇల్లిల్లూ తిరిగితే ప్రతి ఇంటి ఆడమనిషి బయటికి వచ్చి బిందెడు నీళ్ళు పోయాలి. పాడేవాడి పని పాడటం, వినేవాళ్ళ పని నీళ్ళు పోయడం. కప్పకు మాత్రం ఇబ్బందే. (నవ్వులు)

ఇక చిరుతల రామాయణం. కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ పల్లెల్లో పెరిగినవాళ్ళకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం పనులు తగ్గాక ఊళ్ళో కొందరు కలిసి ఒక పంతులును కుదుర్చుకుంటారు. రాత్రి బువ్వ తిన్నాక ప్రాక్టీసు. చేతుల్లో చిరుతలు, అంటే తాళం వేసే చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, వలయంగా అడుగులు. పంతులు పాట చెప్తే వీళ్ళు పట్టుకోవాలి. చదువు రానివాడు చెవితోనే మొత్తం పాత్ర నేర్చుకుంటాడు. పగలు దొర పొలంలో నాగలి పట్టినవాడు రాత్రి రాముడు. బట్టలు కుట్టే ఆయన రావణుడు, అతని డైలాగులకు ఊరంతా భయపడాలి. ఆట రోజు నాటికి ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒక వాటా ఉంటుంది. ఒకరు బట్టలిచ్చారు, ఒకరు పెట్రోమాక్స్ తెచ్చారు, ఒకరు ఆ పూట బువ్వ పెట్టారు. అంతా బంగారమని నేను అనను. సీత వేషం కూడా మీసాలు తీసేసుకున్న మగవాడే వేసేవాడు, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని చూసేవాళ్ళే. చాలా ఊళ్ళలో దళితవాడ ఆట దళితవాడలోనే జరిగేది. కలపడం అంటున్నప్పుడు ఎవరిని కలిపింది, ఎవరిని వలయం బయటే కూర్చోబెట్టింది అన్న ప్రశ్న కూడా పక్కనే పెట్టుకోవాలి.

మన ఓరుగల్లుకు ఇంకో అదృష్టం ఉంది, ముషాయిరా, ఉర్దూ కవుల సభ. ఉర్దూ రాని వాళ్ళకు ఒక్క నిమిషంలో చెప్తాను. గజల్లో రెండేసి పాదాలను షేర్ అంటారు. ప్రతి షేర్ చివర ఒకే మాట తిరిగి వస్తుంది, దాన్ని రదీఫ్ అంటారు. దానికి ముందు ప్రాస, ఖాఫియా. మొదటి షేర్ వినగానే సభకు ఆ రెండూ పట్టుబడిపోతాయి. రెండో షేర్‌లో కవి మొదటి పాదం చెప్పి ఆగుతాడు. సభ ముందుకు వంగుతుంది. ఈసారి ఏ ప్రాస తెస్తాడా అని ప్రతివాడూ లోపల ఒకటి కట్టుకుంటాడు. కవి ఖాఫియా పలకగానే రదీఫ్ సభ పలుకుతుంది. నచ్చితే "ముకర్రర్" అని మళ్ళీ చెప్పిస్తారు. నచ్చకపోతే నిశ్శబ్దం, దానంత ఘోరమైన విమర్శ లేదు. అక్కడ సభకే సగం కవిత్వం తెలుసు. మన తెలుగు సభల్లో "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అంటాం. వాళ్ళు నిశ్శబ్దం పాటిస్తే కవి ఏడుస్తాడు. (నవ్వులు, చప్పట్లు)

ఈ రెండు సంప్రదాయాలూ కలిసిన ఇల్లు ఒకటి ఈ ఊళ్ళోనే ఉండేది. కాళోజీ సోదరుల ఇల్లు. అన్న రామేశ్వరరావు గారు 'షాద్' పేరుతో ఉర్దూ కవి. తమ్ముడు నారాయణరావు, మన కాళన్న, తెలుగు కవి. తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు కన్నడం. పుట్టింది 1914 సెప్టెంబరు 9న, కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. పెరిగింది మడికొండలో. ఇన్ని భాషల నడుమ పెరిగినవాడు మన పలుకుబడిని పట్టుకుని నిలబడ్డాడు, ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. ఆ ఇంట్లో మిత్రమండలి కూర్చునేది. రాసింది చదవడం, చదివింది వినడం, విన్నదాని మీద మొహమాటం లేకుండా మాట్లాడటం. అక్కడ ముఖ్య అతిథి లేడు. వచ్చినవాడు పెద్దవాడా చిన్నవాడా అన్న పట్టింపూ లేదు. కాళోజీ పేరు మీద పెద్ద కళాక్షేత్రం హనుమకొండలో 2024 నవంబరులో తెరుచుకుంది. చూడటానికి బాగుంది, ఏసీ బాగుంది. కానీ నాకు అడగాలనిపించేది, పదిహేను మంది చాప మీద కూర్చునే గది అందులో ఎక్కడ అని.

నిజాం కాలంలో ఈ కూర్చోవడానికి ఉన్న విలువ వేరు. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి, గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. చదువు ఉర్దూలో, కచేరీ పని ఉర్దూలో. అలాంటి రోజుల్లో, 1904లోనే, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టారు. పుస్తకాల కోసం ఒక గది. పుస్తకాల పేరుతో మనుషులు కలుసుకునే గది. తర్వాత తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టుకు తిట్టు రాయలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి కవులను పిలిచి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో గొప్ప పద్యాలూ ఉన్నాయి, ఓ మోస్తరువీ ఉన్నాయి. నాకు మాత్రం ఆ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైనది పేర్ల పట్టిక. పక్క ఊళ్ళో కూడా తనలాగే పద్యం కట్టేవాడు ఉన్నాడని అప్పటిదాకా తెలియని మనుషులు ఒకరి పేరు ఒకరు చదువుకున్నారు. 1940లలో ఓరుగల్లు కోటలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు పెట్టుకుంటే రజాకార్లు పందిళ్ళు తగలబెట్టారు. సభలూ ఆగలేదు, కవి సమ్మేళనమూ ఆగలేదు. ఇందూరు, అంటే నిజామాబాద్ జైల్లో దాశరథి గారు బొగ్గుతో గోడ మీద పద్యం రాశారు. కాగితం లేదు, కానీ చదివే తోటి ఖైదీలు ఉన్నారు.

ఇంత చరిత్ర చెప్పాక మా చిన్న సంగతి చెప్పడం కొంచెం సిగ్గుగానే ఉంది. ఈ లైబ్రరీలో నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, కొందరం కూర్చుంటున్నామని మీకు తెలుసు. మొదట్లో అదీ ఉగాది సమ్మేళనంలాగే నడిచింది. తర్వాత కొన్ని పద్ధతులు మార్చాం. వేదిక తీసేశాం. శాలువా లేదు, సర్టిఫికెట్ లేదు, ఫొటో గ్రూపులో పెట్టడం లేదు. ఎవరి చోట వాళ్ళు కూర్చునే చదవాలి. ఒక మనిషి ఒక్కటే చదవాలి. చదవగానే పక్కన కూర్చున్నవాళ్ళు అందులో తమకు గుర్తున్న ఒక్క పాదం తిరిగి చెప్పాలి. బాగుంది, బాగోలేదు అనొద్దు, పాదం చెప్పండి. ఈ ఒక్క నియమంతో జరిగింది చూడండి. ముందు, కవులు సగం మంది రావడం మానేశారు. (నవ్వులు) నిజమే చెప్తున్నా. మిగిలినవాళ్ళు తమ కవిత చిన్నదిగా, గుర్తుండేలా రాయడం మొదలుపెట్టారు. ఎవరి పాదమూ ఎవరికీ గుర్తు లేకపోతే, ఆ నిశ్శబ్దం చాలు, ఇంటికి వెళ్ళి దిద్దుకుంటాడు.

తర్వాత కవులు కానివాళ్ళు రావడం మొదలైంది. ఆజంజాహి మిల్లులో పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఆ మిల్లు కూడా 1934లోనే మొదలైంది, మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. ఆయన మిల్లు సైరన్ గురించి నాలుగు పంక్తులు రాసుకొచ్చారు. కవిత్వంగా చూస్తే సాదాసీదా. కానీ చదవగానే గదిలో పెద్దవాళ్ళంతా ఒకేసారి మాట్లాడారు. "మా ఇంట్ల గడియారం లేకుండె, సైరన్ మోగితేనే బడికి ఉరికేటోళ్ళం" అని ఒకరు. "మా అమ్మ సైరన్‌కు పొయ్యి ముట్టిచ్చేది" అని ఒకరు. షిఫ్టు నుంచి వచ్చే మనిషి బట్టల మీద దూది పోగులు, జీతం నాటి మిఠాయి పొట్లం, యూనియన్ జెండా. ఒక అమ్మాయి ఇవన్నీ కాగితం మీద రాసుకుంది. ఆ సాయంత్రం అయ్యేసరికి నాలుగు పంక్తులు నాలుగు పేజీలయ్యాయి. కర్త ఎవరంటే ఎవరి పేరు రాయాలో మాకు తెలియలేదు. కొత్తవాడ నుంచి ఒక అమ్మాయి జంపఖానాల మగ్గం మీద రాసింది, దాన్ని విని వాళ్ళ నాన్న మరుసటి నెల వచ్చి, "మా బిడ్డ రాసిన దాంట్ల ఒక తప్పు ఉంది, మగ్గం అట్ల తొక్కరు" అని దిద్దారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినవాళ్ళే గానీ, మగ్గం ఎలా తొక్కుతారో అక్కడ చాలామందికి ఆ రోజే తెలిసింది.

2023 జులై వరదలు మీకు గుర్తున్నాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. మోరంచపల్లి మొత్తం మునిగింది. ఇక్కడ హంటర్ రోడ్డు, నయీంనగర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కూర్చున్నప్పుడు అందరూ వరద మీదే తెచ్చారు. ఎక్కువ భాగం ప్రకృతి ప్రకోపం, ప్రళయ తాండవం. వాటిలో ఒక్క పాదం కూడా ఎవరికీ గుర్తుండలేదు. ఒక గృహిణి మాత్రం నీళ్ళలో పోయిన సామాన్ల జాబితా చదివింది. అంతే, జాబితా. బియ్యం బస్తా, అత్తగారి బీపీ గోలీలు, పిల్లవాడి టెన్త్ మెమో, కుట్టుమిషను. ఆ మెమో అన్న మాటకు వెనక నుంచి ఒకాయన లేచి, "అమ్మా, డూప్లికేట్ మెమోకు ఎట్ల అప్లై చేయాల్నో నేను చెప్త" అన్నారు. అదే వీధిలో మూడిళ్ళ అవతల ఉంటారట, అంతకు ముందు పరిచయం లేదు. నేను కవిత్వం గురించి చెప్పే గొప్పలన్నిటికంటే ఇది నాకు పెద్ద గొప్ప.

గొడవలు రాలేదా అంటే వచ్చాయి. ఎన్నికల ముందు ఒకరు ఒక నాయకుణ్ణి పొగుడుతూ చదివారు, ఇంకొకరు కుర్చీ తోసి లేచారు. ఒకసారి ఒక కులం గురించి తేలికగా ఒక సామెత వాడితే ఆ కులం మనిషి అక్కడే ఉన్నారు. రాజకీయాలు వద్దు, కులం వద్దు అని బోర్డు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. అవి తీసేస్తే మిగిలేది వెన్నెల మాత్రమే, వెన్నెల కోసం ఎవరూ నెలనెలా రారు. మేం పెట్టుకున్న పద్ధతి, జవాబు చెప్పాలంటే వచ్చే నెల కవితతోనే చెప్పాలని. నెల రోజులు ఆగేసరికి కోపం కాస్త పదునెక్కుతుంది, బూతులు తగ్గుతాయి. సామెత వాడినాయనకు వచ్చిన జవాబు మా సభలో ఇప్పటిదాకా చదివిన వాటిలో మంచి కవిత అని నా అభిప్రాయం. ఎన్నికల ఇద్దరూ మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోరు. ఇద్దరూ వస్తారు, చెరో మూల కూర్చుంటారు. ఒకరు చదివితే రెండోవారు, నియమం కాబట్టి, ఆయన పాదాన్ని తిరిగి చెప్తారు. (నవ్వులు)

సమయం అయిందని సైగ చేస్తున్నారు. రెండు పనులు చెప్పి ఆపుతాను. ఈసారి బతుకమ్మకు మీ కాలనీలో డీజే పూర్తిగా తీసేయమంటే ఎవరూ వినరు, నాకు తెలుసు. మొదటి గంట ఆపండి. ఆ గంట పాట చెప్పే అవ్వకివ్వండి, అవసరమైతే ఆమె చేతికి ఒక మైకు ఇవ్వండి. రెండోది, ఈ లైబ్రరీలో ఒక పెద్ద రిజిస్టరు తెరిచాం. ఇంట్లో పెద్దవాళ్ళకు వచ్చిన పాట ఏదైనా, బతుకమ్మదో, నాట్లదో, పెళ్ళిదో, ఊరి పేరు, పాడినవాళ్ళ పేరు రాసి అందులో ఎక్కించండి. సగమే గుర్తున్నా రాయండి, మిగతా సగం వేరే వాడలో ఎవరికో గుర్తుంటుంది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒక యువకుడు: సర్, మీరు చెప్పినవన్నీ పాటలు, పద్యాలు. మేం రాసేది వచన కవిత. దానికి పల్లవి లేదు, ప్రాస లేదు. మరి మేం ఊరికి పనికిరామా?)

మంచి ప్రశ్న. కాళోజీ రాసిందాంట్లో ఎక్కువ భాగం వచనమే కదా, ఆయన పంక్తులు ఆటోల వెనక కూడా కనిపిస్తాయి. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ ఫొటో స్టూడియో నడుపుకుంటూ, బొమ్మలు గీస్తూ, నాలుగైదు పంక్తుల కవితలు రాశాడు. 1993లో పోయాడు, ముప్పై తొమ్మిదేళ్ళకే. ఇవాళ్టి కాలేజీ పిల్లలు కూడా ఆయన కవితలు చూడకుండా చెప్తారు. చిన్నగా ఉంటాయి, మనిషి తన జేబులో పెట్టుకుని పోవచ్చు. నువ్వు రాసినదాన్ని మీ అమ్మకు ఒకసారి చదివి వినిపించు. మర్నాడు పొద్దున ఒక్క మాటైనా గుర్తుందేమో అడుగు. లేదంటే ఆమె తప్పు కాదు.

(వెనక వరుసలో నుంచి ఒక మహిళ: సారూ, నాకు పాటలు శాన వస్తయి గని రాయరాదు. ఆ పుస్తకంల ఎట్ల ఎక్కియ్యాలె?)

మీరు రాయక్కర్లేదమ్మా, చెప్తే చాలు. ఇదిగో ముందు వరుసలో ఈ పిల్లలు కూర్చున్నారు కదా, వీళ్ళు డిగ్రీ చదువుతున్నారు. ఫోన్లో రికార్డు చేసుకుని తర్వాత రాస్తారు. శని, ఆదివారాలు పొద్దున లైబ్రరీ తెరిచే ఉంటుంది. మీకు రావడం కుదరకపోతే వాళ్ళే మీ ఇంటికి వస్తారు. మీ ఇల్లు ఎక్కడ? కాశిబుగ్గనా? అక్కడ మీతో కలిసి ఆడే వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళను కూడా ఆ పొద్దు మీ ఇంటికే పిలవండి. ఒక్కరే చెప్తే పాట సగంలో ఆగిపోతుంది, ఉయ్యాలో అనేవాళ్ళు ఉండాలి.